బాపు ఎనిమిది సాంచాలు: పాత ఇనుము కింద తూకానికి వేయాలా, ఉంచాలా?

మానేరు ఒడ్డు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది సిరిసిల్ల. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా బాపువి ఎనిమిది సాంచాలు ఉన్నాయి. బయటివాళ్ల కోసం చెప్తున్నా, మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు. ఎనిమిదిలో ఇప్పుడు ఐదు నడుస్తున్నాయి, అవీ వారానికి నాలుగు రోజులే. బాపుకి అరవై నాలుగేళ్లు. చెవులు సగం పోయాయి. మొన్న పాత ఇనుము కొనే ఆయన వచ్చి, సాంచాల చుట్టూ ఓసారి తిరిగి, కిలోకింత అని చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు.

తమ్ముడేమో అన్నీ అమ్మేసి షెడ్డు కిరాయికి ఇద్దాం అంటాడు. నాకేమో నాలుగు అమ్మి, దానికి కొంత అప్పు కలిపి, రెండు సెకండ్ హ్యాండ్ రేపియర్ మగ్గాలు (సాంచ కంటే వేగంగా నేసేవి) పెడితే బాగుంటుందని ఉంది. బాపు మాట ఒక్కటే: "సేటు బీములు ఇచ్చినన్ని రోజులు నడవనీ." (సేటు అంటే నూలు ఇచ్చి నేయించుకునే వ్యాపారి, బీము అంటే నిలువు పోగులు చుట్టిన పెద్ద రోలరు.)

నాకు అర్థం కానిది ఇంకోటి ఉంది. బాపు 1987లో నాలుగు సాంచాలతో మొదలుపెట్టాడు. 1996కి ఎనిమిది అయ్యాయి. అక్కడితో సరి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఎనిమిదే. తాగడు, పేకాట లేదు, పండగ రోజు కూడా షెడ్డులోనే ఉంటాడు. మరి ఎనిమిది పదహారు ఎందుకు కాలేదు? చిన్న పరిశ్రమ పెరిగి పెద్దదవుతుందని చిన్నప్పుడు పుస్తకంలో చదివాం. మా వీధిలో అలా పెరిగిన షెడ్డు ఒక్కటి కూడా కనపడదు. పూర్తిగా మూతపడ్డవీ తక్కువే. ఉన్నచోటే ఉంటాయి. ఎందుకంటారు?

---

స్టార్టప్ రాజు | శనివారం, రాత్రి 9:31

బ్రో, ప్రాబ్లం మైండ్‌సెట్. సేటు మీద ఎందుకు ఆధారపడాలి? బ్రాండ్ పెట్టండి, ఇన్‌స్టాలో పేజీ ఓపెన్ చేయండి, డైరెక్టుగా కస్టమర్‌కి అమ్మండి. మధ్యలో దళారీ కట్.

---

మానేరు ఒడ్డు | శనివారం, రాత్రి 9:40

రాజు గారూ, మా షెడ్డులో నేసేది గ్రే పాలిస్టర్ గుడ్డ. రంగు లేదు, ప్రింటు లేదు, చేత్తో పట్టుకుంటే గరగరమంటుంది. అది ఇక్కడి నుంచి ప్రాసెసింగుకు వెళ్లి, రంగు పడి, లంగాల గుడ్డో లైనింగు గుడ్డో అయి బయటికొస్తుంది. దాన్ని ఇన్‌స్టాలో పెడితే కొనేది ఎవరు? మా బాపు నేసిన గుడ్డ కట్టుకున్న మనిషిని మా బాపు ఇంతవరకు చూడలేదు.

---

స్టార్టప్ రాజు | శనివారం, రాత్రి 9:44

ఓకే, అది నాకు తెలీదు.

---

పద్మానగర్ పెద్దాయన | శనివారం, రాత్రి 11:05

తమ్మీ, నేను భీవండిలో ఉంటా. పద్మానగర్ అంటే ఇక్కడ మన తెలుగు పద్మశాలీల పేట. మా నాన్న షోలాపూర్ మీదుగా ఇక్కడికొచ్చాడు. సాంచ మీద నలభై ఐదేళ్లు గడిపా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది, దత్తా సామంత్ నాయకత్వంలో. అది ముగిసింది అని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులే ముగిసిపోయాయి. కానీ గుడ్డకు గిరాకీ పోలేదు కదా. ఆ నేత అంతా భీవండి, మాలేగావ్, ఇచల్‌కరంజి షెడ్లలోకి జారింది. మిల్లు యజమానులే కొందరు ఇక్కడ గుడ్డ నేయించుకుని తమ ముద్ర వేసి అమ్ముకున్నారు. ఎందుకో తెలుసా? మిల్లులో యూనియన్ ఉంది, పీఎఫ్ ఉంది, బోనస్ ఉంది. షెడ్డులో అవేవీ లేవు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే అది ఫ్యాక్టరీ. అందుకని ఒకే ప్రహరీ లోపల నాలుగు పేర్ల మీద నాలుగు షెడ్లు ఉండేవి. గోడకు తలుపు ఉండేది, కాగితం మీద మాత్రం గోడే.

అంటే చిన్న షెడ్డు ఎదగడానికి పుట్టలేదు. పెద్దది తన బరువు దించుకోవడానికి పుట్టించుకుంది. ఎనిమిది ఎందుకు పదహారు కాలేదని అడుగుతున్నావు. ఎనిమిదిగా ఉంటేనే పైవాడికి లాభం, అందుకే కాలేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. సాంచ కూడా పుణ్యాత్మురాలేం కాదు. మా తాత చేనేత గుంట మగ్గాన్ని మింగింది సాంచే. 1985లో చట్టం తెచ్చి 22 రకాల గుడ్డలు చేనేతకే అన్నారు, తర్వాత 11కి దించారు. ఆ 11 కూడా చాటుగా సాంచ మీద నేసినవాళ్లలో నేనూ ఉన్నా.

---

ఎకనామిక్స్ లెక్చరర్, తెనాలి | ఆదివారం, ఉదయం 7:20

పెద్దాయన గారు చెప్పినదానికి దేశం లెక్క జోడిస్తా. కంపెనీలుగా రిజిస్టరు కాని వ్యవసాయేతర సంస్థల మీద 2023-24లో కేంద్ర గణాంక శాఖ చేసిన సర్వేలో అలాంటివి 7.34 కోట్లు తేలాయి. పనిచేసేవాళ్లు 12.06 కోట్లు. భాగిస్తే ఒక్కో సంస్థకు ఇద్దరు కూడా రారు. ఇందులో తయారీవి 2 కోట్ల పైచిలుకు. అంటే మన దేశంలో "తయారీదారు" అంటే ఎక్కువగా ఇంట్లోనో షెడ్డులోనో ఒక్క మనిషి, లేదా భార్యాభర్తలు.

ఈ రంగానికి పేరు పెట్టిందీ పరాయి దేశంలోనే. ఘనా రాజధాని అక్రాలో పరిశోధన చేసిన కీత్ హార్ట్ అనే మానవశాస్త్రవేత్త 1970ల మొదట్లో వాడిన "ఇన్‌ఫార్మల్ సెక్టార్" (అసంఘటిత రంగం) అనే మాట, 1972లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కెన్యా మీద ఇచ్చిన నివేదికతో ప్రపంచమంతా పాకింది. అంతకుముందు 1954లో ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. పల్లెల్లోనూ చిన్న పనుల్లోనూ ఉన్న అదనపు జనాన్ని ఆధునిక పరిశ్రమ మెల్లగా లాక్కుంటుంది, చివరికి ఆ మిగులు జనం ఇంకిపోతారు, అప్పుడు కూలి పెరుగుతుంది అని. మన దగ్గర ఆ లాక్కోవడమే సరిగా జరగలేదు. పైగా 1982 తర్వాత మిల్లు నుంచి షెడ్డుకు ఎదురు ప్రయాణం జరిగింది. లూయిస్ బొమ్మను తలకిందులు చేస్తే భీవండి కనపడుతుంది.

---

కండెల అక్క | ఆదివారం, ఉదయం 8:02

సార్ మీ లెక్క బాగుంది గానీ ఆ "భార్యాభర్తలు" దగ్గర కొంచెం ఆగండి. నేనూ సిరిసిల్లే. మా ఇంట్లో ఆయన సాంచ నడుపుతాడు, సొంతం కాదు, కూలికి. నేను పొద్దున కండెలు చుడతా, అంటే పేకకు (అడ్డపోగుకు) వాడే నూలు చిన్న గొట్టాలకు ఎక్కిస్తా, తర్వాత బీడీలు చుడతా. మీకు వింతగా ఉండే సంగతి చెప్పనా? బీడీ పనికి నాకు పీఎఫ్ ఉంది. గుర్తింపు కార్డు ఉంది. ఇంట్లో గడప దగ్గర కూర్చుని ఆకు కత్తిరించే నాలాంటివాళ్ల కోసం 1966లోనే చట్టం వచ్చింది. షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి ఎనిమిది సాంచాల మధ్య పరుగెత్తే ఆయనకు ఏమీ లేదు. ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు, సేటు గుమాస్తా నోట్‌బుక్‌లో తప్ప.

ఇంకా ఆ గుడ్డలో నా పని ఎక్కడుంది? కండె లేకుండా పేక లేదు, పేక లేకుండా గుడ్డ లేదు. కూలి లెక్క రాసేటప్పుడు కండెల డబ్బు ఆయన చేతికే వెళ్తుంది.

---

మానేరు ఒడ్డు | ఆదివారం, ఉదయం 10:15

అక్కా, మా అమ్మదీ ఇదే కథ. బాపు షెడ్డు ఖర్చు అమ్మ బీడీల డబ్బుతో గడిచిన నెలలు నాకు తెలుసు.

మిగతావాళ్ల కోసం మా దగ్గర పని ఎలా నడుస్తుందో చెప్తా. పైన సేటు. నూలు ఆయనదే. వార్పిన్ యూనిట్‌లో పడుగు (నిలువు పోగులు) తోడించి బీము చేయిస్తాడు. కింద ఆసామి, అంటే మా బాపు. సాంచాలు, షెడ్డు, కరెంటు బిల్లు, రిపేరు ఆసామివి. అయిపోయిన బీము పోగులకు కొత్త బీము పోగులు అతికేది వైపని వాళ్లు. ఇక సాంచ నడిపే కార్మికుడు. గుడ్డ సేటుకు వెళ్తుంది, ఆసామికి మీటరుకింత అని వస్తుంది. అందులోంచే కార్మికుడికి ఇవ్వాలి.

యంత్రం మాది. నూలు మాది కాదు, గుడ్డ మాది కాదు, రేటు మా చేతిలో లేదు. కార్మికుల కూలి పెంచాలని సమ్మె జరిగితే యజమాని కింద నిలబెట్టేది మా బాపునే. సేటు దగ్గరికి వెళ్తే కూలివాడు. అక్కడా ఇక్కడా ఏ కుర్చీ లేని మనిషి ఆసామి.

---

లింబాయత్ సాంబ | ఆదివారం, మధ్యాహ్నం 1:48

సూరత్ నుంచి. నేను వాటర్‌జెట్ యూనిట్‌లో మాస్టర్‌ని. సిద్దిపేట దగ్గర ఊరు మాది.

అన్నా, సెంటిమెంట్ పక్కన పెట్టి లెక్క చూడు. మీ సాంచ నిమిషానికి 120 పిక్కులు (పిక్కు అంటే ఒక అడ్డపోగు) వేస్తుందనుకో. అంగుళానికి 40 పిక్కుల గుడ్డ అనుకుంటే నిమిషానికి మూడు అంగుళాలు, గంటకు నాలుగున్నర మీటర్లు. అదీ ఒక్క పోగు కూడా తెగకపోతే. మా మెషీన్ 600 పిక్కులు సునాయాసంగా వేస్తుంది. అదే గుడ్డ గంటకు ఇరవై రెండు మీటర్లు దాటుతుంది. పన్నా (గుడ్డ వెడల్పు) కూడా ఎక్కువ. నాడె (పేకను అటూ ఇటూ మోసేది) లేదు, కండె లేదు, నీటి చుక్క పేకను మోసుకుపోతుంది. (కండెల అక్కా, క్షమించు.)

అదే పాలిస్టర్, అదే గ్రే. సూరత్‌లో దారం తయారయ్యేది ఇక్కడే, రంగు పడేది ఇక్కడే, అమ్మేది రింగ్ రోడ్డు మార్కెట్‌లో. మీ దారం ఇక్కడి నుంచి లారీ ఎక్కి సిరిసిల్ల వచ్చి, నేతయ్యాక మళ్లీ వెనక్కి ప్రాసెసింగ్‌కు పరుగెత్తాలి. రెండు వైపులా కిరాయి. ఇంకా మీరు నిలబడ్డారంటే కార్మికుడి కూలి తక్కువ కావడం వల్లే. కాదంటే చెప్పండి.

---

మానేరు ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

కాదనలేను.

---

బత్తాయి తోట | ఆదివారం, సాయంత్రం 4:30

అంత దిక్కులేకపోతే ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు ఎలా నేశారు? కోటి చీరలు అన్నారుగా. ఆ పార్టీ ఉన్నప్పుడు బాగుంది, ఈ పార్టీ వచ్చి

*(మిగతా భాగం తొలగించాం. పార్టీల గొడవకు వేరే విభాగం ఉంది. — నిర్వాహకుడు)*

---

సాంచ నడిపేవాడు | ఆదివారం, సాయంత్రం 6:55

పార్టీ సంగతి వదిలేసి చీరల సంగతి నేను చెప్తా. 2017లో మొదలైంది. ఆ ఏడాది మాకు టైం చాలక చాలా చీరలు సూరత్ నుంచే తెచ్చారు, బాగాలేవని ఆడవాళ్లు రోడ్డెక్కారు. తర్వాతి ఏడాది నుంచి మాకు పని దొరికింది. సాంచాలకు డిజైన్లు నేసే డాబీలు, జకార్డులు బిగించారు. నాకు నెలకు పదహారు, పద్దెనిమిది వేలు పడేవి. మామూలు గుడ్డకు తొమ్మిది, పది. నా బిడ్డ నర్సింగ్ చదువు ఆ చీరల మీదే గడిచింది.

కానీ అది ఏడాదిలో ఆరేడు నెలల పని. మిగతా నెలలు మళ్లీ పాత గుడ్డే. 2023 చివరలో ఆగిపోయింది, పాత బకాయిలు కూడా ఇరుక్కున్నాయి. 2024 వేసవిలో మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచి సాంచాల చప్పుడులో పడుకున్నవాళ్లం. ఆ రోజుల్లో మా ఊళ్లో కొన్ని ఇళ్లలో జరగకూడనివి జరిగాయి, అవి ఇక్కడ రాయను. 2025లో మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది, మళ్లీ చప్పుడు మొదలైంది.

నాకు ఆర్డరు ఇచ్చిన ఏ ప్రభుత్వం మీదా కోపం లేదు. భయం ఉంది. ఒక్కడే కొనేవాడు ఉన్న సరుకు నేస్తున్నాం.

---

ఎకనామిక్స్ లెక్చరర్, తెనాలి | ఆదివారం, రాత్రి 8:40

చివరి వాక్యం క్లాసులో చెప్పుకోవలసింది. ప్రభుత్వ కొనుగోలు తప్పేమీ కాదు. అయితే చైనాలో టౌన్‌షిప్, గ్రామ సంస్థల్లో 1978లో 2.8 కోట్ల మంది పనిచేసేవారు, 1996కి 13.5 కోట్లయ్యారు. వాళ్లకు బ్యాంకు అప్పు, స్థలం, స్థానిక ప్రభుత్వం అండ అన్నీ ఒకచోట దొరికాయి. నష్టమొస్తే మూసేయడం కూడా...

---

పద్మానగర్ పెద్దాయన | ఆదివారం, రాత్రి 8:58

లెక్చరర్ సార్, చైనా కథ మాకు యాభైసార్లు వినిపించారు. ఆ పిల్లాడు అడిగింది ఎనిమిది సాంచాల గురించి.

---

ఎకనామిక్స్ లెక్చరర్, తెనాలి | ఆదివారం, రాత్రి 9:03

సరే సరే, ఆపేశాను.

---

నైరోబీ నుంచి | ఆదివారం, రాత్రి 11:30

కెన్యా పేరు వచ్చింది కాబట్టి దూరాను. ఇక్కడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం, ఊరు భీమవరం. ఇక్కడ ఇలాంటి చేతిపనివాళ్లను జువా కాలీ అంటారు, స్వాహిలీలో మండుటెండ అని. నెత్తిన రేకు కూడా లేకుండా ఎండలో పనిచేస్తారు కాబట్టి ఆ పేరు. నైరోబీలో గికొంబా బజారు పక్కన కముకుంజీ అని ఒక చోటు ఉంది. అటు నడిస్తే సుత్తి దెబ్బలకు చెవులు గింగురుమంటాయి. పాత ఆయిల్ డ్రమ్ములు చీల్చి పొయ్యిలు, బళ్లకు వెళ్లే పిల్లలకు రేకు పెట్టెలు, తోపుడు బండ్లు చేస్తారు.

నేను గమనించిన తేడా ఒకటే. ఆ రేకు పెట్టె చేసేవాడు రేకు తానే కొంటాడు, పెట్టె ముందు తానే నిలబడి బేరమాడి అమ్ముతాడు. బళ్లు తెరిచే నెల వస్తే రేటు పెంచుతాడు. పేదవాడే, కానీ గిరాకీ ముఖం అతనికి తెలుసు. మీ ఆసామికి యంత్రం ఉండి కూడా అది లేదు. ఇద్దర్నీ ఒకే "అసంఘటిత రంగం" గంపలో వేయడం నాకు సబబుగా అనిపించడం లేదు.

---

రాయదుర్గం కుట్టుమిషన్ | సోమవారం, ఉదయం 6:15

నైరోబీ అన్న మాట నాకు బాగా తగిలింది. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. మా దగ్గర జీన్స్. బళ్లారి నుంచి కత్తిరించిన పీసులు కట్టలు కట్టి వస్తాయి, మేం కుడతాం, వాషింగ్‌కు బళ్లారి వెళ్తాయి. నేను 2009లో ఒక్క మిషన్‌తో ఇంట్లో మొదలుపెట్టా. ఇప్పుడు పద్నాలుగు మిషన్లు. అంటే పెరిగిన కేసు ఒకటి మీ కళ్ల ముందు ఉంది, చూసుకోండి.

ఎలా పెరిగానో చెప్తా, నా గొప్ప ఏం లేదు. మొదటి ఆరేళ్లు పీసు రేటు తప్ప ఏమీ తెలీదు. ఒకసారి నాకు పని ఇచ్చే వ్యాపారి ఐదు నెలలు డబ్బు ఆపేశాడు. అడిగితే "వాషింగ్‌లో రంగు పోయింది, మీ కుట్టు వల్లే" అన్నాడు. కుట్టు వల్ల రంగు పోవడం ఎక్కడైనా ఉందా? ఏడ్చుకుంటూ నేనే బళ్లారి వెళ్లా, ఆ వాషింగ్ చోటికి. అక్కడ ఇంకో ముగ్గురు వ్యాపారులు కనిపించారు. అంతే. ఒకరికి బదులు నలుగురు పని ఇస్తే, ఒకడు ఆపినా మిగతా ముగ్గురి డబ్బుతో కరెంటు బిల్లు కట్టొచ్చు. మిషన్లు పెరిగింది ఆ తర్వాతే.

కాబట్టి తమ్ముడూ, రేపియర్ కొనే ముందు చూడు, మీ బాపుకి పని ఇచ్చే సేట్లు ఎంతమంది?

---

మానేరు ఒడ్డు | సోమవారం, ఉదయం 9:20

ఒక్కరే అక్కా. 1996 నుంచి ఒక్కరే. ఆయన కంటే ముందు ఆయన నాన్న. అక్క పెళ్లికి అప్పు ఇచ్చింది ఆయనే. ఆ అప్పు మీటర్ల లెక్కలో పదకొండేళ్లు తీరింది. వేరే సేటు బీము ఎత్తితే ఈయన ముఖం ఎలా చూడాలి అంటాడు బాపు.

---

పద్మానగర్ పెద్దాయన | సోమవారం, ఉదయం 9:34

నీ ఇరవై తొమ్మిదేళ్ల లెక్క ఇక్కడ తేలింది తమ్మీ.

---

రిటైర్డ్ బ్యాంకు | సోమవారం, మధ్యాహ్నం 12:05

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో చేశాను, చివరి తొమ్మిది చిన్న పరిశ్రమల అప్పుల దగ్గర. మీ బాపు గారిలాంటివాళ్లు నా టేబుల్ ముందు కూర్చున్నప్పుడు ఏం జరిగేదో నిజం చెప్తాను.

నేను అడిగేది అమ్మకం ఎంత అని. ఆయనకు అమ్మకం లేదు, మజూరీయే, అంటే నేతకూలే ఉంది. బిల్లులు సేటు పేరున. ఏడాదికి 20 లక్షల లోపు మజూరీ కాబట్టి జీఎస్టీ నంబరు తీసుకోలేదు, రిటర్నులు లేవు. షెడ్డు స్థలం పట్టా తాత పేరున, అన్నదమ్ముల పంపకం కాలేదు. ఎదురుగా మనిషి నిజాయితీగా కనిపిస్తున్నాడు, ఫైలు ఖాళీగా కనిపిస్తోంది. ముద్ర పథకం కింద ఏదో కొంత ఇచ్చి పంపేవాణ్ని. అది మోటారు రిపేరుకు సరిపోయేది, రేపియర్‌కు కాదు. పూచీకత్తు లేకుండా ఇచ్చే గ్యారంటీ పథకం 2000 నుంచీ ఉంది, కానీ దానికీ ఫైలు కావాలి కదా.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెప్తా. ముందు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) చేయించండి. ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే కొన్నవాడు 45 రోజుల్లో డబ్బు కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. మజూరీ పనికీ ఇది వర్తిస్తుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువు దాటి, ఏడాది ముగిసేసరికి కూడా కట్టని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం సేటుకు కుదరదు. ఆయన ఆడిటరే ఆయన్ను హెచ్చరిస్తాడు.

---

సాంచ నడిపేవాడు | సోమవారం, మధ్యాహ్నం 12:40

సార్, ఆ కాగితం సేటు ముందు పెడితే డబ్బు ఇచ్చేస్తాడు. మరుసటి బీము మాత్రం రాదు.

---

రిటైర్డ్ బ్యాంకు | సోమవారం, మధ్యాహ్నం 12:52

ఒక్కడే సేటు ఉంటే రాదు. రాయదుర్గం అమ్మాయి చెప్పినట్టు నలుగురు ఉంటే ఆ కాగితానికి విలువ వస్తుంది. చట్టం ముందు రావాలా, నలుగురు సేట్లు ముందు రావాలా అంటే నేను సేట్లకే ఓటేస్తాను. బ్యాంకువాణ్ని అయ్యుండి ఇలా అనకూడదు కానీ.

---

కరెంటు శీను | సోమవారం, రాత్రి 7:30

ఎవరూ కరెంటు మాట ఎత్తలేదేంటి? తెలంగాణలో కుటీర పరిశ్రమల కేటగిరీ ఉంది, చాలాకాలం దానికి 10 హార్స్‌పవర్ లోడు గీత ఉండేది. ఆ గీత దాటితే మామూలు పరిశ్రమ కింద లెక్కేసేవారు, యూనిట్ రేటు బాగా ఎక్కువయ్యేది. సాంచకు సుమారు ఒక హార్స్‌పవర్ మోటారు వేసుకో. ఎనిమిది సాంచాలు, కండెల మిషన్, లైట్లు కలిపితే పది దగ్గరికి వచ్చేస్తుంది. ఇప్పుడు చెప్పు, ఎనిమిది దగ్గరే ఎందుకు ఆగింది?

---

మానేరు ఒడ్డు | సోమవారం, రాత్రి 7:41

శీనన్నా!! ఇప్పుడే బాపుకి ఫోన్ చేసి అడిగా. "తొమ్మిదోది పెడితే మీటరు మారుతుందని అప్పట్లో లైన్‌మన్ చెప్పాడు" అన్నాడు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

---

లింబాయత్ సాంబ | సోమవారం, రాత్రి 9:15

ఇది బాగుంది. చిన్నగా ఉంటే రాయితీ, పెద్దదయితే శిక్ష. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్ల ప్రకారం కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ గీత పది నుంచి ఇరవై మందికి జరిగింది. గీత జరిపితే ఆ గీత కిందికి దూరేవాళ్లూ జరుగుతారు, అంతే.

దారం మీద జీఎస్టీ మాత్రం మంచి పని. మొదట్లో పాలిస్టర్ దారం మీద 18, కొన్నాళ్లకు 12 చేశారు, గుడ్డ మీద 5. ఎక్కువ కట్టిన పన్ను 2018 ఆగస్టు దాకా వాపసు కూడా రాలేదు. 2017 జూలైలో సూరత్ మార్కెట్ మూసుకుని రోడ్డెక్కింది జీఎస్టీ మీదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి దారం కూడా 5కి వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది.

---

కండెల అక్క | మంగళవారం, ఉదయం 5:50

మా చిన్నది పెద్దూరు అపెరల్ పార్కులో కుట్టు పనికి వెళ్తోంది. పొద్దున బస్సు వస్తుంది. పీఎఫ్ కడతారు, జీతం బ్యాంకులో పడుతుంది. టార్గెట్ల టెన్షన్ ఉంది, బాత్రూంకి వెళ్లినా టైం చూస్తారని గొణుగుతుంది. అయినా సాంచ నడిపేవాణ్ని చేసుకోనని తెగేసి చెప్పింది. లెక్చరర్ సార్ చెప్పిన ఆ పరిశ్రమ లాక్కోవడం ఇదేనేమో, మా ఇంట్లో ఒక్క పిల్ల దగ్గర మొదలైంది.

---

ఎకనామిక్స్ లెక్చరర్, తెనాలి | మంగళవారం, ఉదయం 7:10

ఇదేనమ్మా.

---

మానేరు ఒడ్డు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:20

ఊరికి వెళ్లొచ్చా. జరిగింది చెప్తా.

సాంబన్న లెక్క కాగితం మీద వేసి బాపుకి చూపించా. చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఈ లెక్క నాకు 2005లోనే తెలుసురా. మీ చదువులు అయ్యేదాకా నడపాలి, నడిపా. ఇద్దరూ బయటపడ్డారు కదా" అన్నాడు. నేను పెరగలేదు పెరగలేదు అని ఊదరగొట్టింది ఆయనకు అసలు లెక్కే కాదు. ఏమనాలో తెలియక బయటికొచ్చి కూర్చున్నా.

రేపియర్ ఆలోచన ఆపేశాం. గ్రే పాలిస్టర్‌లో సూరత్‌తో పోటీకి అప్పు తేవడం పిచ్చితనమే. నడవని మూడు సాంచాలు, నడిచేవాటిలో బాగా అరిగిన ఒకటి, మొత్తం నాలుగు తూకానికి వేశాం. నాలుగు ఉంచాం. వాటి మీద చీరల ఆర్డరు ఉన్నన్నాళ్లు చీరలు. తమ్ముడు రెండో సేటు దగ్గరికి బాపుని తీసుకెళ్లాడు. ఆయన కాటన్ లుంగీ బీములు రెండు ఇస్తానన్నాడు, శాంపిల్ చూశాక. పాత సేటుకు బాపు తనే వెళ్లి చెప్పొచ్చాడు. ఏమన్నాడని అడిగితే "చాయ్ తాగించాడు" అన్నాడు. ఉద్యమ్ నమోదు చేశా, పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఖాళీ అయిన సగం షెడ్డు ఏం చేయాలో తేలలేదు. రాయదుర్గం అక్కా, అందులో ఆరు కుట్టుమిషన్లు పడతాయి. మీకు మెసేజ్ పెట్టా, చూడండి.

---

రాయదుర్గం కుట్టుమిషన్ | తర్వాతి ఆదివారం, రాత్రి 10:48

చూశా. మిషన్ల సంగతి తర్వాత. కుట్టేవాళ్లు ఎవరు? అపెరల్ పార్కు జీతం ఎంతో కండెల అక్కను అడిగి చెప్పు. అంతకంటే తక్కువ ఇస్తే నీ దగ్గరికి ఎవరూ రారు.

---

కండెల అక్క | సోమవారం, ఉదయం 5:40

రారు. నేనే పంపను.

---

మానేరు ఒడ్డు | సోమవారం, ఉదయం 8:30

అర్థమైంది అక్కా. సాయంత్రం ఫోన్ చేస్తా, ఇద్దరికీ.

ఇంకోటి, రెండు డాబీలు, ఒక జకార్డు పెట్టె తూకానికి వేయకుండా పక్కన పెట్టాం, పనిచేసేవే. సిరిసిల్ల, తంగళ్లపల్లి వైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, వచ్చి చూసుకోవచ్చు. బాపు మధ్యాహ్నం పూట షెడ్డులోనే ఉంటాడు. కొంచెం గట్టిగా పిలవాలి.